పుస్తకం అట్టకి ఏఐ బొమ్మ: కాపీరైట్ చిక్కులు లేకుండా ఎలా వాడుకోవాలి

కథల సంపుటి వేసుకుంటున్నారు. డీటీపీ అయింది, ప్రూఫులు దిద్దడం అయింది, ముందుమాట కూడా చేతికొచ్చింది. ఇక మిగిలింది ముఖచిత్రమే. ఆర్టిస్టుని అడిగితే నెల పడుతుందన్నారు. ఫోన్లో ఏఐని అడిగితే నిమిషంలో నాలుగు బొమ్మలు ఇచ్చింది. నాలుగూ బాగానే ఉన్నాయి. ప్రెస్సుకి పంపేయొచ్చా?

పంపొచ్చు. కాకపోతే ముందు మూడు ప్రశ్నల్ని విడదీసి చూసుకోవాలి. ఆ బొమ్మ వేరెవరి బొమ్మనో పోలి ఉండి, వాళ్లు మీ మీదికి వచ్చే అవకాశం ఉందా? రేపు ఎవరో మీ అట్ట బొమ్మని ఎత్తుకెళ్లి తమ పుస్తకానికి వేసుకుంటే ఆపే హక్కు మీకుందా? లెక్కలేనంతమంది గీసిన బొమ్మల్ని అడక్కుండా వాడుకుని ఈ ఏఐలకి శిక్షణ ఇవ్వడం సబబేనా?

మూడోది ముఖ్యంగా కంపెనీలు తేల్చుకోవాల్సిన తగువు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ మీద ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. అది వార్తల గురించే అయినా, శిక్షణ విషయంలో కోర్టు చెప్పేది బొమ్మలకీ పనికొస్తుంది. కేంద్రంలోని పరిశ్రమల ప్రోత్సాహక విభాగం, డీపీఐఐటీ, 2025 డిసెంబరులో ఒక ప్రతిపాదన పెట్టింది: కంపెనీలు శిక్షణకి రచనల్ని వాడుకోవచ్చు, బదులుగా రాయల్టీ కట్టాలి. చిత్రకారుల వైపు నుంచి చూస్తే ఇది చాలా పెద్ద విషయం. కానీ అట్ట వేయించుకునే రచయిత నెత్తిన నేరుగా పడేవి మొదటి రెండు ప్రశ్నలే. కింది పనులన్నీ వాటి కోసమే. ఇండియాలో అచ్చు వేయించుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఎక్కడ తేడా వస్తుందో అక్కడే చెప్తాను.

1. మీకు కావలసింది వాడుకా, హక్కా? ముందు ఇది తేల్చుకోండి

మూడొందల కాపీలు వేసి ఆవిష్కరణ సభలో పంచే కవితా సంపుటికి వాడుక చాలు. ఆ బొమ్మని ఎవరో కాపీ కొట్టినా మీకు పోయేదేమీ లేదు. ఊళ్లో జాతర ఫ్లెక్సీకైనా, గృహప్రవేశం కార్డుకైనా అంతే.

పిల్లల పుస్తకాల వరస వేస్తున్నారనుకోండి. అందులో ఒక కుందేలు పిల్ల పుస్తకం తర్వాత పుస్తకంలో వస్తుంది, రేపు స్టిక్కర్లకీ యూట్యూబు వీడియోలకీ ఎక్కుతుంది. అప్పుడు ఆ కుందేలు మీ ఆస్తి. దాన్ని ఏఐతో పుట్టించొద్దు. ఆర్టిస్టుతో గీయించి, హక్కులు రాతపూర్వకంగా తీసుకోండి. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

2. హక్కు ఎందుకు అనుమానమో తెలుసుకోండి

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994లో చేసిన సవరణతో సెక్షన్ 2(డి)లోకి ఒక వాక్యం వచ్చింది: కంప్యూటర్ తయారుచేసిన రచనకి, బొమ్మకి, దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త. వినడానికి ఇది మనకోసమే రాసినట్టుంటుంది. కానీ మామూలు జనానికి ఇంటర్నెట్ అందిందే 1995 ఆగస్టులో. రెండు వాక్యాలు టైప్ చేస్తే బొమ్మ ఊడిపడే రోజు వస్తుందని ఆ సవరణ రాసినవాళ్లు ఊహించి ఉండరు. తయారు చేయించినవాళ్లంటే టైప్ చేసిన మీరా, మోడల్ని కట్టిన కంపెనీయా అన్నది ఆ వాక్యం చెప్పదు. పైగా చట్టం రక్షించాలంటే ఆ కృతిలో స్వంతత ఉండాలి. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2007లో చెప్పినదాని ప్రకారం, ఒట్టి శ్రమ చాలదు. నైపుణ్యం, విచక్షణ, కొంచెమైనా సృజన కనిపించాలి.

ఇదంతా కాగితం మీది వాదన కాదనడానికి అంకిత్ సాహ్నీ ఉదంతం ఉంది. ఈయన మేధాసంపత్తి లాయరు. తను తీసిన సూర్యాస్తమయం ఫొటోని ‘రాఘవ్’ అనే ఏఐ యాప్ చేత వాన్ గో శైలిలోకి మార్పించి, ‘సూర్యాస్త్’ అని పేరు పెట్టాడు. 2020లో మన కాపీరైట్ ఆఫీసు మనిషినీ యాప్‌నీ సహకర్తలుగా చూపించి ఆ బొమ్మని నమోదు చేసింది. మరుసటి ఏడాది ఆ నమోదును వెనక్కి తీసుకుంటామని నోటీసు పంపింది. అదే బొమ్మని కెనడా 2021లో నమోదు చేసింది, అమెరికా 2023 డిసెంబరులో కాదంది. ఒక్క బొమ్మకి మూడు దేశాల్లో మూడు అనుభవాలు.

అమెరికాలో గీత మనకన్నా స్పష్టంగా ఉంది. మనిషి లేకుండా యంత్రమే కర్తగా కాపీరైట్ రాదని వాషింగ్టన్ అప్పీలు కోర్టు స్టీఫెన్ థేలర్ కేసులో 2025 మార్చిలో తేల్చింది. ప్రాంప్టు, అంటే ఏఐకి ఇలాంటి బొమ్మ కావాలని టైప్ చేసి చెప్పే మాట, రాసినంత మాత్రాన బొమ్మ మీది కాదని అక్కడి కాపీరైట్ ఆఫీసు 2025 జనవరి నివేదికలో చెప్పింది. జేసన్ అలెన్ అనే ఆయన కనీసం 624 సార్లు ప్రాంప్టులు మార్చి మార్చి మిడ్‌జర్నీ అనే బొమ్మల ఏఐతో చేయించిన బొమ్మ 2022లో కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతి కొట్టింది. కాపీరైట్ మాత్రం దానికి దక్కలేదు. అందుకే ఎంత కష్టపడ్డానో చూడండి అనే వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. చైనాలో గాలి ఇంకోవైపు వీచింది. స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐతో ఒకాయన చేసుకున్న బొమ్మని ఇంకొకరు దాని మీదున్న వాటర్‌మార్క్ (ఎవరిదో చెప్పే గుర్తు) తీసేసి వాడుకుంటే, బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు 2023 నవంబరులో మొదటాయన పక్షాన తీర్పిచ్చి 500 యువాన్లు ఇప్పించింది. ప్రాంప్టులు, సెట్టింగులు ఎలా మార్చుకుంటూ వచ్చాడో చూపించగలగడం అతన్ని గెలిపించింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది.

3. యాప్ షరతుల్లో ఈ నాలుగూ వెతకండి

షరతులన్నీ చదవమంటే ఎవరూ చదవరు. నాలుగు సంగతులు చూస్తే చాలు. వ్యాపారానికి వాడుకోవచ్చా? ఉచిత ఖాతాకీ డబ్బు కట్టిన ఖాతాకీ తేడా ఉందా? మీ బొమ్మలు అందరికీ కనిపిస్తాయా? ఎవరైనా కేసు వేస్తే కంపెనీ మీ వెనక నిలబడుతుందా?

మిడ్‌జర్నీలో మామూలు ఖాతాతో చేసే బొమ్మలు బయటికి కనిపిస్తాయి, వేరేవాళ్లు వాటి మీద మార్పులు చేసుకోవచ్చు. ఏడాదికి పది లక్షల డాలర్లు దాటి ఆదాయం ఉన్న కంపెనీ అయితే పై ప్లాను కొంటేనే బొమ్మ సొంతం అంటుంది. మన ప్రచురణకర్తల్లో ఆ బాధ ఎవరికీ ఉండదనుకోండి! ఓపెన్ఏఐ షరతుల్లో బయటికొచ్చిన బొమ్మ మీదే అని ఉంటుంది, అలాంటిదే ఇంకొకరికి కూడా రావచ్చని కూడా ఉంటుంది. అడోబీ కంపెనీ బొమ్మల ఏఐ ఫైర్‌ఫ్లైకి లైసెన్సు ఉన్న బొమ్మలు, హక్కుల గడువు తీరిన బొమ్మలతో శిక్షణ ఇచ్చామని ఆ కంపెనీ చెబుతుంది. కేసు వస్తే మేం చూసుకుంటాం అనే హామీ సాధారణంగా పెద్ద సంస్థలు కొనే ప్లాన్లలో ఉంటుంది గానీ నెలకింత కట్టే మామూలు ఖాతాల్లో కాదు.

‘బొమ్మ మీదే’ అన్న వాక్యం చూసి మోసపోవద్దు. తనకి ఉన్న హక్కునే కంపెనీ మీకివ్వగలదు. చట్టం ఆ బొమ్మకి హక్కే లేదంటే కంపెనీ ఇచ్చిందీ సున్నే. ఆరోజు ఉన్న షరతుల పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, ఎందుకంటే అవి చెప్పాపెట్టకుండా మారుతుంటాయి.

4. ప్రాంప్టులో పేర్లు రాయొద్దు

చాలామంది మొదట రాసే మాట ‘బాపు బొమ్మలాగా’. మాకూ ఆ గీతలంటే ప్రాణమే. శైలికి కాపీరైట్ లేదన్నదీ నిజమే. ఆలోచనకి కాదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ అని ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. 2025 మార్చిలో అందరూ తమ ఫొటోల్ని జపాన్ యానిమేషన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మలుగా మార్చుకున్నప్పుడు వినిపించిన సమర్థన కూడా ఇదే. కానీ పేరు రాసి అడిగితే ఏఐ శైలి దగ్గరే ఆగుతుందన్న నమ్మకం లేదు. ఫలానా బొమ్మలోని భంగిమ, జడ, నడుము వంపు అచ్చంగా దింపేయొచ్చు. అప్పుడది శైలి కాదు, కాపీ. పైగా మీరు ఎవర్ని చూసి కాపీ కొట్టాలనుకున్నారో మీ ప్రాంప్టే సాక్ష్యం చెబుతుంది.

ఎవరి బొమ్మలు ఎప్పటిదాకా రక్షణలో ఉంటాయో లెక్క తేలిక. చిత్రకారుడు పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు. బాపు 2014లో పోయారు కాబట్టి 2074 చివరిదాకా. వడ్డాది పాపయ్య 1992లో, అంటే 2052 చివరిదాకా. రాజా రవివర్మ 1906లో, రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో కన్నుమూశారు. వీళ్ల బొమ్మల మీద హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. పాతకాలపు తెలుగు కళ కావాలంటే వీళ్ల దగ్గరికే వెళ్లండి. అసలు దామెర్ల బొమ్మే నేరుగా అట్ట మీద వేసుకుంటే ఏఐ నకలు కన్నా ఎంతో అందంగా ఉంటుంది.

పేరు బదులు లక్షణాలు చెప్పండి. ‘లావు కుంచె గీత, నీడలు లేని చదును రంగులు, ఖాళీ నేపథ్యం, వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్న ముసలావిడ’ అంటే బొమ్మ మీ కథకి దగ్గరగానూ వస్తుంది.

కార్టూన్ పాత్రల పేర్లు అసలే వద్దు. డిస్నీ, యూనివర్సల్ కలిసి 2025 జూన్‌లో మిడ్‌జర్నీ మీద కేసు వేసింది తమ పాత్రల గురించే. ఇక సినిమా హీరోల మొహాల సంగతి. ఇది కాపీరైట్ కాదు, వ్యక్తిత్వ హక్కు. అయినా ఇక్కడా ఇరుక్కునే ప్రమాదం ఉంది. 2025 సెప్టెంబరులో నాగార్జునకి ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు అనుకూలంగా ఉత్తర్వులిచ్చాయి. అనుమతి లేకుండా వాళ్ల పేరునీ, రూపాన్నీ వ్యాపారానికి వాడొద్దన్నాయి. మీ నవల హీరో అచ్చం ఒక నటుడిలా ఉంటే బొమ్మ మార్చండి.

ఇంకొకటి, అట్ట దాటి చీరల మీదికో గోడ పటాల మీదికో వెళ్లేవాళ్లకి. ఏఐ గీసిన పటాన్ని ‘చేర్యాల పెయింటింగ్’ అనో ‘శ్రీకాళహస్తి కలంకారీ’ అనో అమ్మకూడదు. ఆ పేర్లకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊళ్ల కళాకారులు ఆ పద్ధతిలో చేసిందే ఆ పేరుతో అమ్ముడుపోవాలి.

5. ఏఐకి ఇచ్చే ఫొటో మీదో కాదో చూసుకోండి

‘ఈ ఫొటోని బొమ్మగా మార్చు’ అని అడిగేటప్పుడు ఆ ఫొటో ఎవరు తీశారు? గూగుల్లో దొరికిందైతే వద్దు. ఒక ఫొటోని చిత్రంగా మార్చి అచ్చేయడానికి ఫొటో తీసినవాళ్ల అనుమతి కావాలి. మధ్యలో ఏఐ ఉన్నంత మాత్రాన ఆ అవసరం పోదు. మీ ఊరి చెరువు మీరే ఫోన్లో తీయండి. మొదటి ప్రశ్నకీ రెండో ప్రశ్నకీ కూడా అది మేలు చేస్తుంది: ఎవరి ఫొటోనో తీసుకున్నారన్న మాట రాదు, మీ సొంత సృజన ఒకటి బొమ్మకి పునాదిగా ఉంటుంది.

6. మీ చెయ్యి పడాలి, పడినట్టు ఆనవాళ్లుండాలి

హక్కు మీద ఏ కొంచెమైనా ఆశ ఉంటే అది ఇక్కడే ఉంది. అమెరికాలో క్రిస్ కష్తనోవా చేసిన చిత్రకథ విషయంలో 2023 ఫిబ్రవరిలో కాపీరైట్ ఆఫీసు ఏం చేసిందో చూడండి. కథ రాత, బొమ్మల్నీ మాటల్నీ ఏరి కూర్చిన తీరు కష్తనోవావే, వాటికి రక్షణ ఇచ్చింది. మిడ్‌జర్నీ ఇచ్చిన విడి బొమ్మలకి ఇవ్వలేదు. 2025 జనవరిలో, ఏఐ బొమ్మలో ఒక్కో భాగాన్నీ ఎంచుకుని మార్చుకుంటూ కట్టిన బొమ్మని ఆ కూర్పు వరకు నమోదు చేసింది. మన కోర్టులు ఇదే దారి పట్టి తీరతాయని కాదు గానీ, సుప్రీంకోర్టు అడిగిన నైపుణ్యం, విచక్షణ చూపించడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు.

అందుకని పని ఇలా చేయండి. ముందు కాగితం మీద పెన్సిల్‌తో అట్ట గీయండి. గీత రాకపోయినా ఫరవాలేదు, ఎక్కడ చెట్టు, ఎక్కడ మనిషి, ఎక్కడ పేరు అన్నది తెలిస్తే చాలు. దాని ఫొటో తీసి తేదీతో దాచండి. మొత్తం బొమ్మని ఒకేసారి అడగకుండా చెట్టు వేరే, మనిషి వేరే, ఆకాశం వేరే చేయించండి. వాటిని ఫొటోషాప్‌లోనో, ఉచితంగా దొరికే జింప్‌లోనో లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పొరలుగా, కూర్చండి. రంగులు మీరు మార్చండి, అక్కర్లేనివి మీరు తుడిచేయండి.

పుస్తకం పేరు మాత్రం చేత్తో రాయించండి. ఏఐ రాసే తెలుగు అక్షరాల్లో తప్పులు దొర్లొచ్చు, వత్తులు ఊడిపోవచ్చు, గుడి ఉన్నచోట సున్నా రావచ్చు. మన అట్టల మీద చేతిరాత టైటిల్‌కి పెద్ద సంప్రదాయమే ఉంది. మంచి లెటరింగ్ ఆర్టిస్టు రాసిన పేరు దానంతటదే ఒక కళాకృతి, అందులో యంత్రం వాటా లేదు. అంత వీలు లేకపోతే సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, మండలి లాంటి ఓపెన్ లైసెన్సు ఫాంట్లు వాడుకోండి. ఫాంటుకీ లైసెన్సు ఉంటుందన్న సంగతి డీటీపీ సెంటర్లలో ఎవరూ పట్టించుకోరు.

పెన్సిల్ గీత, ప్రాంప్టులన్నీ వరసగా, ఏఐ ఇచ్చిన ముడి బొమ్మలు, లేయర్ల ఫైలు, షరతుల పీడీఎఫ్ అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టండి. బీజింగ్‌లో పనికొచ్చింది ఇలాంటి ఫోల్డరే.

7. ప్రెస్సుకి పంపేముందు బొమ్మని వెతికించండి

పోలిక ఉన్న బొమ్మల్ని వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ బొమ్మ పెట్టి చూడండి. మొత్తం బొమ్మే కాకుండా మొహం, ముఖ్యమైన భంగిమ విడివిడిగా కత్తిరించి కూడా వెతకండి. మూలల్లో సంతకంలాంటి గీతలుగానీ, మసగ్గా అడ్డంగా అక్షరాలుగానీ ఉన్నాయేమో పెద్దది చేసి చూడండి. ఫొటోలు లైసెన్సుకిచ్చే గెట్టీ ఇమేజెస్ సంస్థ, స్టేబుల్ డిఫ్యూజన్ తయారుచేసిన స్టెబిలిటీ ఏఐ మీద లండన్‌లో వేసిన కేసులో ఇలాంటి వాటర్‌మార్కులే బయటపడ్డాయి. 2025 నవంబరు తీర్పులో గెట్టీ కాపీరైట్ వాదన నిలవలేదు గానీ, ఆ గుర్తుల వరకు ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కొంత ఉందని కోర్టు అంది. సంతకం లాంటిది కనిపిస్తే తుడిచేసి వాడేయకండి, ఆ బొమ్మే పక్కన పెట్టండి.

పోలిక ఉన్న బొమ్మ ఏదైనా దొరికితే నాలుగో మెట్టులో చెప్పిన 1978 తీర్పులోని కొలతే వాడండి. రెండూ చూసిన మామూలు మనిషికి ఇది దాని కాపీయే అని గట్టిగా అనిపిస్తుందా? మీకు పుస్తకం మీద ప్రేమ ఉంటుంది కాబట్టి మీ కన్ను చాలదు. కథలు చదవని ఇంట్లోవాళ్లకి చూపించండి.

8. డిజైనర్‌తో చేయిస్తుంటే కాగితం రాయించుకోండి

మన దగ్గర అట్ట పనంతా ఫోన్ మాట మీదే నడుస్తుంది. ఇప్పుడు డిజైనర్లు మీకు చెప్పకుండానే ఏఐ వాడుతున్నారు, వాడొద్దనడం నా ఉద్దేశం కాదు. వాడారా, ఏ భాగానికి, ఏ యాప్ అన్నది రాసివ్వమనండి. హక్కుల బదిలీ కూడా అదే కాగితంలో ఉండాలి. సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడికో రాయకపోతే ఇండియాకే అని చట్టం అనుకుంటుంది. రెండో ముద్రణ ఆరేళ్ల తర్వాత వేసేవాళ్లూ, డల్లాస్‌లో పుస్తకాలు అమ్మేవాళ్లూ ఈ రెండూ స్పష్టంగా రాయించుకోవాలి.

9. లోపలి పేజీలో ఉన్నది ఉన్నట్టు వేయండి

‘ముఖచిత్రం:’ అన్న చోట మీ పేరో డిజైనర్ పేరో మాత్రమే వేస్తే అది పూర్తి నిజం కాదు. ‘ముఖచిత్రం: ఏఐ సాయంతో, కూర్పు, అక్షరాలు: ఫలానా’ అని వేస్తే సరిపోతుంది. ‘సర్వ హక్కులు రచయితవి’ అన్నది కథలకి ఎలాగూ వర్తిస్తుంది, అట్ట మీద అనుమానం ఉన్నంత మాత్రాన లోపలి రాత మీద మీ హక్కు తగ్గదు. రచయితలే సొంతంగా పుస్తకాలు వేసుకునే అమెజాన్ కేడీపీలో పుస్తకం పెట్టేటప్పుడు ఏఐ బొమ్మలు ఉన్నాయా అని అడుగుతుంది, అట్ట కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అక్కడ ఉన్నాయనే చెప్పండి.

నమోదు తప్పనిసరి కాదు. చేయించాలనుకుంటే కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైటులో కళాకృతికి 500 రూపాయలు, సరుకుల మీద వాడేదైతే 2,000. దరఖాస్తుకి డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం ముప్పై రోజులు ఆగుతారు. ఏఐని సహకర్తగా రాయొద్దు, సూర్యాస్త్ చిక్కు అక్కడే మొదలైంది. అమెరికాలో దరఖాస్తు చేస్తే ఏఐ చేసిన భాగాన్ని చెప్పి, దాన్ని మినహాయించి మీ భాగానికే అడగాలి. దాచిపెడితే వచ్చిన నమోదు కూడా పోవచ్చు.

10. నోటీసు వస్తే

జవాబివ్వకుండా ఊరుకోవద్దు, అలాగని కంగారులో తప్పయిపోయిందని వాట్సాప్ పెట్టేయొద్దు. అమ్మకం ఆపి, వాళ్ల బొమ్మ కాపీ అడగండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని మీ ఫోల్డర్‌తో సహా లాయరు దగ్గరికి వెళ్లండి. సెక్షన్ 62 వల్ల వాళ్లుండే ఊళ్లోనే దావా వేయగలరు, హైదరాబాద్‌లో పుస్తకానికి ముంబైలో వాయిదాలు తిరగాల్సి రావచ్చు. సెక్షన్ 63 కింద జైలు అని నోటీసులో బెదిరింపు ఉంటుంది. అది తెలిసి చేసిన ఉల్లంఘనకి. వాళ్ల బొమ్మకి కాపీరైట్ ఉందని మీకు తెలియదనీ, ఉందని అనుకునే కారణమూ లేదనీ నిరూపించగలిగితే సివిల్ దావాలో కూడా నష్టపరిహారం లేకుండా, వాడకం ఆపడం, వచ్చిన లాభం ఇవ్వడం వరకే వస్తుంది. వెతికించిన స్క్రీన్‌షాట్లు, పేర్లు లేని ప్రాంప్టులు అప్పుడు మీ తరఫున మాట్లాడతాయి.

పోలిక నిజంగానే ఉందని మీకే అనిపిస్తే పంతానికి పోవద్దు. కొత్త అట్ట వేయించి మిగిలిన కాపీలకి మార్పించడం, వాయిదాల ఖర్చుతో చూస్తే చాలా చవక. అందుకే మొదటి విడత డిజిటల్ ప్రింటింగులో వంద కాపీలే వేయించి, పుస్తకం నలుగురి కళ్లలో పడ్డాక మిగిలినవి ఆఫ్‌సెట్‌కి ఇవ్వండి.